వల గుండ్లు పోస్తుంటే సీసం జావలెక్క అయితుంది, జర చెప్పుండ్రి

పాకాల_తమ్ముడు:

అందరికి నమస్తే. మాది నర్సంపేట దిక్కు, పాకాల కాలువ కింద ఊరు. బాపుది పాత విసురు వల ఒకటి ఉన్నది, తాత అల్లింది, అంచు పొంట సీసం గుండ్లు 120 దాంక ఉండేటివి. పోయిన వానకాలం మా ఊరి కుంట మత్తడి దుంకినప్పుడు నేనే ఆగమాగం విసిరిన, వల తుమ్మ మొద్దుకు పట్టుకున్నది, బాపు వద్దురా వద్దురా అంటనే ఉన్నడు, నేను బలమంత పెట్టి గుంజిన, అంచుతాడు తెగి సగం గుండ్లు నీళ్లలనే పోయినయి. ఇప్పుడు విసిరితే ఒక దిక్కు ముందుగాల మునుగుతది, ఇంకో దిక్కు గొడుగు లెక్క పైననే ఉంటది, చేపలు కింది నుంచి నిమ్మలంగ పోతున్నయి.

వానలు మొదలయ్యేటాలకు 60 గుండ్లు కావాలె. కొనుడెందుకు మనమే పోసుకుందమని పంచరు షాపులల్ల బండి చక్రాలు ఊగకుంట తూకానికి అంచుకు కొట్టే వెయిట్లు అడుక్కొచ్చిన, దగ్గర దగ్గర 6 కిలోలు. అమ్మ వాడని ఇనుప కడాయి తీసుకొని కొట్టం ఎనుక గ్యాస్ పొయ్యి పెట్టి కరగబెట్టిన. కరిగింది గని మంచిగ పాదరసం లెక్క మెరుసుకుంట ఉండాల్సింది పోయి పైన అంత జొన్నజావ లెక్క పలుకులు పలుకులుగ అయింది. తెట్టె అనుకొని తీస్తుంటే ఎంత తీసినా వస్తనే ఉన్నది. ఇంక మంట పెంచిన, జర పలుచగయింది, పోసిన, అచ్చుల సగమే నిండింది. నిండినయి కూడ ముసలోళ్ల చర్మం లెక్క ముడుతలు ముడుతలు. పాత గుండు ఒకటి మా ఊరి బంగారం దుకాణంల తూకమేస్తే 25 గ్రాములు ఉన్నది, నేను పోసినయి మంచిగ నిండినట్టు కనవడ్డయి కూడ 22 కు మించుతలేవు.

అచ్చు నేనే చేసిన, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) తోని. పాత గుండును అందుల అద్ది, నడుమ తాడు పోనీకి మేకు పెట్టిన. చేసిన తెల్లారే పోసిన. పోస్తుంటే లోపల బుడబుడ అని సప్పుడొచ్చి ఒకసారి సీసం చిన్న చుక్క ఎగిరి చెయ్యి మీద పడ్డది. బొబ్బ వచ్చింది, తగ్గింది.

ఇంకోటి, నవ్వొద్దు. మా చిన్నాయన కొడుకు ఏదో వీడియో చూసి, అచ్చు ఎందుకన్న బూందీ గంటెల నుంచి నీళ్ల బకెట్లకు పోస్తే గుండ్రటి గుండ్లు అయితయి అన్నడు. పోసినం. బూందీ కాలే, తోకకప్పలు అయినయి. ఒక్కటి కూడ గుండ్రంగ లేదు.

నా తప్పు ఏడున్నది? మంట తక్కువనా ఎక్కువనా? ఇంట్ల ఇన్వర్టర్ పాత బ్యాటరీ కూడ ఉన్నది, అది పగలగొడితే మంచి సీసం వస్తదంటున్నరు, అది కలిపితే ఈ జావ సాఫ్ అయితదా?


ఊరికే_చూస్తున్న:

అమ్మకు చెప్పినవా కడాయి సంగతి?


పాకాల_తమ్ముడు:

చెప్పలే. గదే భయమున్నది.


పంచరన్న_కాజీపేట:

తమ్మీ నేను అలైన్‌మెంట్ షాపుల పని చేస్త, పొద్దుందాక ఈ వెయిట్ల తోటే నా బతుకు. నీ జావ ఏందో చెప్త. అది జింకు.

ఎనుకట చక్రాల వెయిట్లు అన్నీ సీసమే ఉండె. యూరప్ల 2005 నుంచి కొత్త బండ్లకు సీసం వెయిట్లు బంద్ పెట్టిండ్రు, అక్కడి కంపెనీలు జింకు దిక్కు, ఇనుము దిక్కు పోయినయి, అట్ల అట్ల మన దగ్గరికి కూడ అన్ని రకాలు వచ్చినయి. ఇప్పుడు నా డబ్బల చెయ్యి పెడితే మూడు రకాలు దొరుకుతయి. నువ్వు అడిగినోళ్లు ఎవ్వరు ఏరి ఇయ్యరు, చారెడు తీసి సంచిల పోస్తరు గంతే.

ఏరుడు కష్టం కాదు. ముందుగాల అయస్కాంతం తిప్పు, ఇనుపయి అంటుకుంటయి, కని వెయిట్‌ను చక్రానికి తగిలించే కొక్కెం పట్టీ ఇనుముదే ఉంటది కాబట్టి కొక్కేనికి కాదు బొడ్డెకు పెట్టి చూడాలె. మిగిలినయి ఒక్కొక్కటి కింద బండ మీద వెయ్యి. సీసం పడితే దబ్బుమని మొద్దు సప్పుడు, జింకు పడితే రూపాయి బిళ్ల పడ్డట్టు టింగుమంటది. ఇంక అనుమానముంటే కటింగ్ ప్లేయర్ తోని అంచు కొరుకు, సీసం వెన్నల కత్తి దిగినట్టు దిగుతది, జింకు మీద గీత కూడ పడదు, ప్లేయర్ జారుతది. కొన్నిటి మీద అక్షరాలు కూడ ఉంటయి, పీబీ అంటే సీసం, జెడ్ఎన్ అంటే జింకు, ఎఫ్ఈ అంటే ఇనుము. స్టిక్కర్ వెయిట్లు సీసపుయి అయితే చేత్తోని వంగుతయి, అవి అన్నిటికన్న మెత్తన.

ఇప్పుడు నువ్వు చేసిన అసలు తప్పు మంట పెంచుడు. సీసం 327 డిగ్రీలకు కరుగుతది, జింకు 419 కి. నువ్వు సన్న మంట మీద ఉంచి ఉంటే జింకు బిళ్లలు కరగకుంట సీసం మీద తెప్ప లెక్క తేలుతుండె, ఎందుకంటే అది తేలిక. కొక్కేలు తేలినట్టే అవి కూడ తేలేటివి, గంటెతో తీసి పక్కన పారేస్తే అయిపోవు. నువ్వేమో జావ అయిందని మంట పెంచినవ్, ఉన్న జింకు అంత కరిగి సీసంల కలిసింది. ఇగ 22 గ్రాములు ఎందుకొచ్చిందంటే గదే, జింకు తేలిక కదా.


అచ్చుతాత:

కాజీపేట బాబు చెప్పింది నూటికి తొంభై సరైనదే. బరువు సంగతొక్కటి మాత్రం తప్పు, అది చెప్తా. నేను హన్మకొండలో ప్రెస్సులో ముప్పై ఏండ్లు కంపోజిటర్ పని చేసిన, సీసం అక్షరాలు ఏరి స్టిక్కులో పేర్చుడే మా బతుకు, అరిగిపోయిన టైపును కరిగించుడు కూడ చూసిన. అందుకని నాలుగు ముక్కలు.

సీసం సాంద్రత 11.34, జింకుది 7.1 చిల్లర. కరిగిన సీసం జింకును ఎంతంటే అంత తాగదు, ఆ వేడి దగ్గర నూటికి రెండు పాళ్ల చిల్లర పడుతుంది, మిగిలింది పైకి తేలుతుంది. రెండు పాళ్లు కలిసిందే అనుకుందాం, లెక్క కట్టి చూడండి, 25 గ్రాముల గుండుకు తగ్గేది 0.3 గ్రాము. మూడు గ్రాములు తగ్గిందంటే అది జింకు కాదు, గాలి. లోపల బొక్క ఉన్నది. గుండును ప్లేయర్‌తో నడుమకు కోసి చూడు, లోపల చీమల పుట్ట లెక్క కనపడుతుంది.

ఆ గాలి ఎక్కడినుంచి వచ్చిందంటే నీ పీఓపీ నుంచి. పీఓపీ అంటేనే నీళ్లు తాగి గట్టిపడే పిండి. పైకి చేత్తో ముట్టుకుంటే పొడిగనే ఉంటుంది, లోపల తడి ఉంటుంది, ఆ తడి పోయినా పిండితో కలిసిపోయిన నీళ్లు వేరే ఉంటాయి, అవి నూరు డిగ్రీలు దాటినంకనే కదులుతాయి. దాని మీద మూడు నాలుగు వందల డిగ్రీల సీసం పోస్తే నీళ్లు ఆవిరి అయి పదహారు పదిహేడు వందల రెట్లు ఉబ్బుతాయి. నీ బుడబుడ అదే. చుక్క చేతి మీద పడ్డది కాబట్టి చెప్పుకుంటున్నావ్, కంట్ల పడితే ఏం చేస్తుంటివి నాయనా? తెల్లారి చేసిన అచ్చులో పోసుడు అనేది ఎవరూ చెయ్యొద్దు. వారం నీడలో, తర్వాత ఎండలో, తర్వాత పొయ్యి పక్కన గంటలకొద్ది వెచ్చజేసి అప్పుడు పొయ్యాలె. అంతకన్న ఇనుప అచ్చో అల్యూమినియం అచ్చో మేలు, బలపం రాయిని చెక్కి చేసుకున్నా మంచిదే, ఆ రాయి వేడికి పగలదు. ఏ అచ్చు అయినా పోసే ముందు కిరసనాయిలు దీపం మీద పట్టి లోపల పలుచగ మసి పట్టించు, మేకుకు కూడ. సీసం అంటుకోదు, మంచిగ జారి మూలలకు పోతుంది.

ముడుతలు ఎందుకంటే అచ్చు చల్లగ ఉన్నది. మొదటి నాలుగైదు గుండ్లు ఎప్పుడూ ముడుతలే వస్తాయి, వాటిని తిరిగి కడాయిలో వెయ్యి, ఆలోపు అచ్చు వేడెక్కుతుంది. కడాయిలో వేసే ముక్క కూడ పొడిగ ఉండాలె, చెమట చేత్తో పట్టుకున్నదైనా సరే కాసేపు కడాయి అంచు మీద పెట్టి వెచ్చబడ్డంకనే లోపలికి తొయ్యి. ముడుతలు పోయి పైన వెండి మీద మంచు పట్టినట్టు తెల్లగ గరుకుగ వస్తే వేడి ఎక్కువైనట్టు. వేడి తెలిసేందుకు మీటరు లేకపోతే ఎండిన సన్న పుల్ల ముంచు. పుల్ల నల్లబడి పొగ రావాలె, అంటుకొని మండొద్దు. కడాయి అడుగు ఎర్రగ కనపడ్డదంటే మంట తియ్యి, ఇంక నిలబడొద్దు అక్కడ.

తెట్టె తీసే ముందు మొంబత్తి ముక్క వేలి గోరంత వేసి కలుపు. మంట భగ్గుమంటుంది, మొఖం దూరం పెట్టు. పైన బూడిద లెక్క ఉన్నదాంట్ల కొంత మళ్లీ సీసమై కిందికి దిగుతుంది, నిజమైన మడ్డి మాత్రం పైన ఉంటుంది. జింకు జావకు మాత్రం మొంబత్తి పని చెయ్యదు, అది తెట్టె కాదు కదా.

మా టైపు సంగతి చెప్పి ఆపుతా. అక్షరాల సీసం అంటారు గాని అది ఒట్టి సీసం కాదు, అక్షరాలను వరుసకు వరుస పోసే లైనోటైపు మిషన్లలో వాడేది ఇంచుమించు సీసం 85, అంటిమొనీ 11, తగరం 4 పాళ్లు. అంటిమొనీ గట్టిదనం ఇస్తుంది, చల్లారేటప్పుడు ముడుచుకుపోకుండ ఆపుతుంది, తగరం మూలమూలకు పారేటట్టు చేస్తుంది. అందుకే ‘ధ’ పొట్ట కింద ఒత్తు కూడ గీత పోకుండ వచ్చేది. వల గుండుకు అంత సోకు అక్కర లేదు. నీ సీసం మంచిదై ఉండి కూడ మూలలు నిండకపోతే కళాయి వేసేటోళ్ల దగ్గర తగరం చిన్న ముక్క అడిగి కిలోకు పది గ్రాములు కలుపు. టైపు సీసం దొరికితే కలపాలనుకుంటావేమో, అది పెళుసు, గుండు బండకు తగిలితే పగులుతుంది.


పంచరన్న_కాజీపేట:

బరువు లెక్క ఒప్పుకుంటున్న తాతా. మేము తూకం మిషన్ మీద గ్రాములల్ల బతుకుతం గని గట్ల లెక్క ఎప్పుడు కట్టలే.


మత్తడికింద:

బూందీ గంటె కథ చదివి మా ఇంట్ల అందరికి వినిపించిన 😂 అయినా తోకలు ఎందుకు వస్తయి అని చూసిన, మంచి కథనే ఉన్నది. ఇంగ్లండుల బ్రిస్టల్ అనే ఊర్ల విలియం వాట్స్ అనే ప్లంబర్ ఉండె, ఆయన తన ఇంటినే గోపురం లెక్క పైకి లేపి, కింద బాయి తవ్వి, పై నుంచి జల్లెడల సీసం పోసి కింద నీళ్లల్ల పట్టుకున్నడు, 1782 ల దానికి పేటెంటు తీసుకున్నడు. చుక్క గాలిలో ఎక్కువసేపు పడుతుంటే దానంతటదే గుండ్రం అయితది, నీళ్లు తాకేలోపు గట్టిపడుతది. మీరు బకెట్ మీద మూరెడు ఎత్తుల పోస్తే చుక్కకు గుండ్రం అయ్యే టైమే లేకపాయె. పైగ సీసం పైన బూడిద పొర తొందరగ కడుతది, ఆ పొరనే తోకను గుంజి పట్టుకుంటది. వాళ్లు దానికి ఆర్సెనిక్ కలిపేటోళ్లు, అది విషం, ఇంట్ల దాని పేరు కూడ ఎత్తొద్దు.

అసలు సంగతి, గుండ్రంగ వచ్చినా ఏం చేస్తుంటిరి? బొక్క లేని గుండుకు తాడెట్ల ఎక్కిస్తరు?


పాకాల_తమ్ముడు:

అది మేము ఆలోచించలే అన్న 🙏

బ్యాటరీ సంగతి ఎవ్వరు చెప్పలే. జావ కడాయి గట్లనే ఉన్నది, మొత్తం గడ్డ కట్టింది.


ల్యాబ్‌అక్క_హన్మకొండ:

బ్యాటరీ మాట చూసే లాగిన్ అయిన. తమ్ముడు, దాన్ని ముట్టుకోకు. నేను ల్యాబ్ టెక్నీషియన్ని, కొంచెం ఎక్కువ రాస్తున్న, ఓపికతో చదువు.

బ్యాటరీల ఉండేది ఒట్టి సీసం కాదు. గంధకామ్లం ఉంటది, ప్లేట్ల మీద ఉన్న ముద్ద సీసం ఆక్సైడు, సీసం సల్ఫేటు, అది కరిగి సీసం కాదు, దుమ్మయి లేస్తది. ప్లేట్లల్ల అంటిమొనీ, ఆర్సెనిక్, కాల్షియం లాంటియి కలిపి ఉంటరు, దాని తెట్టెకు తడి తగిలితే విషపు గ్యాసు వచ్చే ప్రమాదం ఉన్నది. సెనెగల్ దేశంల డకార్ పక్కన తియరోయ్ అనే ఊర్ల పాత బ్యాటరీల సీసం ఇండ్ల మధ్య తీసేటోళ్లు, 2007 నవంబర్ నుంచి 2008 మార్చి నడుమ అక్కడ 18 మంది పిల్లలు చనిపోయిండ్రు. మట్టిల, ఇండ్లల్ల దుమ్ము రూపంల ఉన్న సీసమే వాళ్ల కడుపులకు పోయింది. మన దగ్గర 2022 బ్యాటరీ రూల్స్ ప్రకారం పాత బ్యాటరీ తిరిగి కంపెనీల దారికి పోవాలె, కొత్తది కొన్న షాపుల ఇస్తే ఎక్స్‌చేంజ్ రేటు కట్టిస్తరు. ఆ పైసలతోటి గుండ్లు కొనుక్కోవచ్చు.

ఇప్పుడు నువ్వు ఇప్పటికే చేసిన దాని గురించి. ఇంట్ల చిన్నపిల్లలు ఉన్నరా? కొట్టం ఎనుక అంటున్నవ్, అక్కడ కోళ్లు తిరుగుతయా, వడ్లు ఎండబోస్తరా?

సీసం ఆవిరికి అందరు భయపడుతరు గని 350, 400 డిగ్రీల దగ్గర ఆవిరి కన్న ఎక్కువ ప్రమాదం నువ్వు తీసి పక్కకు పారేసిన ఆ తెట్టె. అది మెత్తటి పొడి. గాలికి లేస్తది, చెప్పులకు అంటుకుంటది, చేతులకు అంటుకుంటది, ఆ చేత్తో బీడీ తాగినా అన్నం కలిపినా లోపలికే. చిన్నపిల్లలు పెద్దోళ్ల కన్న నాలుగైదు రెట్లు ఎక్కువ సీసం ఒంటికి పట్టించుకుంటరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, ఇంత దాంక ఫర్వాలేదు అనే లెక్క కూడ లేదు. రక్తంల డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు వచ్చిందంటే ఎక్కడి నుంచి వస్తుందో పట్టుకొని ఆపాలె అని 2021 గైడ్‌లైన్ల రాసిండ్రు. అంత తక్కువల పిల్లకు ఏం తెల్వదు, జరం ఉండదు నొప్పి ఉండదు, చదువు దగ్గర తెలుస్తది.

తెట్టె పారేసిన జాగల చీపురుతో ఊడ్వకు, దుమ్ము లేస్తది. నీళ్లు చిలకరించి తడిగ చేసి పై మట్టితో సహ పారతోని ఎత్తి గట్టి డబ్బల వేసి మూత పెట్టు. ఆ రోజు వేసుకున్న బట్టలు వేరేగ ఉతుకు. మూతికి కట్టుకున్న తువ్వాలు, సర్జికల్ మాస్కు ఈ పొగను ఆపయి, ఉన్నదని ధైర్యం చెయ్యకు. కడాయి, బూందీ గంటె మళ్లీ వంటింటి గడప తొక్కొద్దు, ఎంత తోమినా సరే, అమ్మకు ఈ మాట మాత్రం ఇయ్యాలనే చెప్పు. ఇంట్ల పిల్లలుంటే ఒకసారి డాక్టర్ను అడిగి రక్తంల సీసం పరీక్ష చేయించు, నరం నుంచి తీసే రక్తంతోటి చేస్తరు.


అచ్చుతాత:

అక్క మాట వినండి. మా రోజుల్లో ప్రెస్సులో బెల్లం తినండి, పాలు తాగండి, సీసం దిగిపోతుంది అనేటోళ్లు. మేం తిన్నాం, తాగినం. చేతులు కడుక్కోకుండనే తిన్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తది.


పాకాల_తమ్ముడు:

అక్కా మా అక్క బిడ్డ ఉన్నది, నాలుగేండ్లు, ఎండకాలం సెలవులకు వచ్చింది. ఆ రోజు ఇంట్లనే ఉన్నది గని కోళ్లెంబడి కొట్టం దాంక పోతది రోజు. ఇది చదివినంక నాకు అన్నం పోలేదు. రేపే హన్మకొండ తీస్కపోత. మట్టి ఇప్పుడే తీస్తున్న.


వలకాక_ములుగు:

మా కొడుకు టైపు చేస్తుండు, నేను చెప్తున్న. మేము తాతల కాలం నుంచి వలలోళ్లం, లక్నవరంల, గోదాట్ల కూడ విసిరిన.

బిడ్డా ముందుగాల ఒక సంగతి అడుగుత. ఆ తుమ్మ మొద్దు ఏ కుంటల ఉన్నది? ఇప్పుడు ఎండలు ముదిరినయి, కుంటల నీళ్లు ఎంతున్నయి? అంచుతాడు తెగింది అన్నవ్, గుండ్లు ఒక్కొక్కటి రాలలే, తాడుతో సహ పోయినయి. సీసం తుప్పు పట్టదు, ఈదుకుంట పోదు, ఏడ పడ్డదో ఆడనే బురదల కూసుంటది. మొద్దు చుట్టు రెండు బారలు కాళ్లతో తడిమి చూడు. మీరందరు సీసం గురించి ఇంత రాసిండ్రు గని ఉన్న సీసం ఏడున్నదో ఎవ్వరు అడగలే.

తక్కువ పడ్డయి పొయ్యాల్సిన పని కూడ లేదు. మా నాయన పోసిన గుండు ఒక్కటి లేదు. సీసం రేకు తెచ్చి వేలెడు వెడల్పు పట్టీలు కత్తిరించి తాడు మీద సుట్టి చెక్క సుత్తెతోని మెల్లగ కొట్టేటోడు. పాత టెలిఫోన్ కేబుళ్ల మీద తొడుగు ఉంటది చూడు, నల్ల తారు కింద, అది మెత్తటి సీసం, స్క్రాప్ దుకాణంల అడిగితే దొరుకుతది, వంచితే గోరుకు కూడ లొంగుతది. చక్రాల కొక్కెం వెయిట్ల సీసం దీనికి పనికిరాదు, గట్టిది, సుట్టంగనే పగులుతది. అతుకు దిక్కు వల దారానికి ఆనకుంట బయటి దిక్కు పెట్టాలె, లేకుంటే అంచు కోసుకుపోతది. గుండుకు గుండుకు నడుమ నీ పాత వల మీద ఎంత సందు ఉన్నదో అంతే ఉంచు, ఒక దిక్కు దగ్గర దగ్గర ఇంకో దిక్కు దూరం దూరం కట్టినవంటే మళ్లా గొడుగే. కొలతకు నీ పాత వలనే గురువు. పని అయినంక చేతులు కడుక్కో, రేకు ముక్కలు ఏరెయ్యి, కోడి మింగుతది.


మత్తడికింద:

కాకా ఇనుప గుండ్లు కడితే ఏమైతది? కొందరు గొలుసు కడుతున్నరు కదా. నీళ్లల్ల లెక్క చూస్తే కిలో సీసం 912 గ్రాములు తూగుతది, కిలో ఇనుము 873, పెద్ద తేడా లేదు. ఇంగ్లండుల 1987 నుంచి చిన్న సీసం గుండ్లు గాలాలకు అమ్ముడే బంద్, హంసలు మింగి చస్తున్నయని. మన పాకాలకు కూడ చలికాలం మస్తు పక్షులు వస్తయి.


వలకాక_ములుగు:

ఇనుము కట్టొచ్చు. గని తూకం ఒకటైనా ఇనుము లావు ఉంటది, లావు ఉంటే నీళ్లు ఆపుతయి, లోతుల వల మునిగేలోపు బొచ్చె తప్పించుకుంటది. తుప్పు పట్టినంక గరుకై దారం కోస్తది. మోకాలు లోతు కుంటల పరకలకు జెల్లలకు గొలుసు సాలు, తప్పు లేదు. పక్షుల మాట నిజమే. అందుకే తెగేటట్టు గుంజొద్దు, వల పట్టుకుంటే నీళ్లల్లకు దిగి తీస్కోవాలె. మునిగే ఓపిక లేనోనికి వల ఎందుకు.


పాకాల_తమ్ముడు:

అప్‌డేట్ ఇస్తున్న, ఆలస్యమైంది.

పాపను చూపించినం. రక్తం ఇచ్చినం, శాంపిల్ బయటికి పంపి రిపోర్టు వచ్చేటాలకు నాలుగు రోజులు పట్టింది, ఆ నాలుగు రోజులు మా అక్క నాతోని మాట్లాడలే. 2 చిల్లర వచ్చింది. డాక్టరమ్మ ఇంక ఎక్కడ ముట్టనీయకుండ్రి, మళ్లొకసారి చూద్దాం అన్నది. మట్టి తీసి పెయింట్ డబ్బల మూత పెట్టి ఉంచిన, కోళ్లను ఆ దిక్కు పోకుంట కంప కొట్టిన. బ్యాటరీ షాపుల ఇచ్చిన.

జావ గడ్డ మొత్తం స్క్రాప్ దుకాణంల ఇచ్చిన, జింకు కలిసిందని చెప్పే ఇచ్చిన, ఆయన రేటు సగం చేసిండు. ఇయ్యకముందు ఒక గుండు ప్లేయర్‌తోని కోసి చూసిన తాతా, నువ్వన్నట్టే లోపల సెనగగింజంత బొక్క.

ఇగ కాక మాట. కుంటల నీళ్లు మోకాలు దాంకనే ఉన్నయి. బాపు, నేను దిగినం. మొద్దు చుట్టు తడుముతుంటే మొదటి గంట బురద, గాజుపెంకు, ఎవరిదో చెప్పు. తర్వాత బాపు ఉష్ అని ఆగిండు, కాలి వేళ్లతోని పట్టి లేపిండు, తాడు. పచ్చగ పాకురు పట్టిన తాడు, దాని మీద గుండ్లు వరుసగ, దండ లెక్క. బాపు ఒడ్డు మీద కూసోని ఒక్కొక్కటి బొటనవేలుతో తుడుచుకుంట లెక్కబెట్టిండు, 41. కొన్నిటి మీద తాత సుత్తె దెబ్బలు ఇంకా కనవడుతున్నయి, అంటే మా తాత కూడ పొయ్యలే, సుట్టిండన్నట్టు. అవి చూసుకుంట కూడ నేను అచ్చు చేసిన.

మిగిలిన 19 కి కేబుల్ తొడుగు సీసం దొరికింది, పట్టీలు కత్తిరించి బాపునే సుట్టుమన్న, నేను తూకం చూసిన, 24, 25, 26 అట్ల వచ్చినయి. నిన్న పొద్దుగూకంగ విసిరినం. గుండ్రంగ పడ్డది, అన్ని దిక్కుల ఒక్కసారి మునిగింది. చేపలు మూడే పడ్డయి, చిన్నయి.

అమ్మకు కడాయి సంగతి తెలిసింది. కొత్తది ఎప్పుడు తెస్తవ్ అని రోజు అడుగుతుంది, బూందీ గంటె సంగతి ఇంకా తెల్వదు.